ఒంట్లో బూజు

మా తమ్ముడికి జ్వరం ఉందో లేదో తెలుసుకోవడానికి మా ఆయన చెయ్యి అరువు కావలసొచ్చింది నాకు. తమ్ముడు కాషాయం కట్టాడు మరి. భిక్షువు ఒంటిమీద ఆడదాని చిటికెనవేలు కూడా పడకూడదు. అక్కైనా అంతే, కన్నతల్లైనా అంతే. అందుకని ఆరామంలో వాడి గది గడప ఇవతల నేనూ అమ్మా మోకాళ్ల మీద కూచుని, మా ఆయన్ని లోపలికి తోశాం.

"నుదుటి మీద పెట్టవయ్యా చెయ్యి! అక్కడ కాదు, అది బుగ్గ!"

"పెట్టానే తల్లీ."

"కాలుతోందా?"

"లేదే. గోరువెచ్చగా కూడా లేదు."

"మరి ఆ వణుకేంటి? దుప్పటి కప్పుకుని మరీ వణుకుతుంటే!"

"వానలు కదా, చలేస్తుందేమో," అన్నాడు మా ఆయన.

తమ్ముడు కూడా దుప్పట్లోంచి, "నాకేం లేదక్కా, మీరెళ్లండి" అన్నాడు. సరే అని వచ్చేశాం.

మా ఆయన పేరు సీలా. రోడ్డు పక్కన కోళ్లు కాలుస్తాడు. నిప్పుల మీది కోడిని చేత్తోనే తిప్పుతాడు, పెళ్లికి ముందునుంచీ అదే పని. ఆ చేతికి నిప్పే గోరువెచ్చ. ఇంక మనిషి జ్వరం ఏం తెలుస్తుంది? ఈ సంగతి నాకు ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటుంటే తట్టింది. తట్టగానే చేతిలో గిన్నె ఆయన మీదకి విసిరాను. తగల్లేదు.

"నన్నెందుకు కొడతావే? నీ తమ్ముడే ఏం లేదన్నాడుగా!" అని అరిచాడు.

మర్నాడు థర్మామీటరు పట్టుకుని పోయాను. తమ్ముడు ఇన్‌పన్ గుడ్డ పరిచాడు, నేను దాని మీద పెట్టాను, వాడు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆడదాని చేతినుంచి భిక్షువు ఏదీ అందుకోడు, గుడ్డ మీంచే తీసుకుంటాడు. తిరిగి గుడ్డ మీద పెట్టాక అందులో అంకె చూశాను. ఒళ్లు కాలిపోయే జ్వరం.

మా ఇన్‌పన్‌కి హెచ్ఐవీ ఉంది. రహస్యమేం కాదు, మా బజారంతటికీ తెలుసు. నా చిన్నప్పుడు ఆ పేరు చెబితే జనం తలుపులేసుకునేవారు. మా వీధిలో ఒక చితి ఆరకుండానే ఇంకోటి వెలిగేది. ఇప్పుడా కాలం కాదు. ఆసుపత్రిలో మాత్రలిస్తారు, రోజూ వేసుకుంటారు, నిక్షేపంలా బతుకుతారు. మావాడూ అలాగే ఉండేవాడు. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. బజార్లో నా నూడుల్స్ కొట్టుకొచ్చి గిన్నె మీద గిన్నె లాగించేసి, "ఉప్పు చాల్లేదే అక్కా" అని నన్ను రెచ్చగొట్టి పోయేవాడు.

కాషాయం అమ్మ కోరిక. కొడుకు కాషాయం కొంగు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందని మా వాళ్ల నమ్మకం. ఒక్క వానాకాలమైనా కొడుకు భిక్షువుగా ఉండాలి, లేకపోతే ఆ తల్లికి వెలితే. ఇన్‌పన్ నిరుడు వానలకి ముందు గుండు చేయించుకున్నాడు. వానలు వెనకబట్టాక ఇంటికొచ్చేస్తాడనుకున్నాను. అమ్మ మొహం చూశాడు, ఆగిపోయాడు. అమ్మ మొహం అలా వెలిగిపోయేది మరి! కొడుకుని "మా భిక్షువుగారు" అనేది. బజార్లో ఎవరు పలకరించినా మాట తిప్పి తిప్పి ఆ భిక్షువుగారి దగ్గరికే తెచ్చేది. నేను కూడా "ఒరేయ్" మానేసి "మీరు" అనాల్సొచ్చింది. వాడి ముక్కు తుడిచినదాన్ని నేను! ఏం చేస్తాం, కాషాయానికి దండం పెట్టాల్సిందే.

మాత్రలు మాత్రం నేనే ఆసుపత్రి నుంచి తెచ్చి గుడ్డ మీద పెట్టేదాన్ని. రక్తపరీక్షకి రమ్మన్నారని చెబితే, "వానలయ్యాక వెళ్తానక్కా" అనేవాడు. వానలయ్యాయి, చలి వచ్చింది, ఎండలొచ్చాయి, మళ్లీ వానలొచ్చాయి. వాడు వెళ్లలేదు. నేనూ పట్టించుకోలేదు, మనిషి బానే ఉన్నాడు కదా అని.

ఇప్పుడేమో జ్వరం. జ్వరం దిగకముందే మొహం మీద పొక్కులు. చిన్న చిన్నవి, గుండ్రంగా, ఒక్కోదాని నడుమ ఓ గుంట, నువ్వుగింజ పెట్టి నొక్కినట్టు. ముందు నుదుటి మీద, తర్వాత ముక్కు పక్కన, ఆనక గుండు నిండా. మనిషి మా కళ్ల ముందే చిక్కిపోయాడు. కాషాయం భుజం మీద నిలవక జారిపోయేది.

బజార్లో ఒక్కొక్కళ్లు ఒక్కో పేరు చెప్పారు. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆటలమ్మ అంది. చేపల కొట్టు తోంగ్‌ఇన్ ముసలాడు, "చిన్నప్పుడు కొండ మీదకి పోయి వెదురు ఎలుకల్ని తవ్వి కాల్చుకు తినేవాడుగా, వాటి ఉసురు తగిలిందమ్మాయ్" అన్నాడు. మా ఊళ్లో ఎవరు తినలేదు గనక! అలా అయితే ముందు ముసలాడికే రావాలి పొక్కులు. ఆ మాటే మొహం మీద అనేసి వచ్చాను.

అన్నిటికంటే కూరల కొట్టు ఖంపా అన్న మాట మా కొంప ముంచింది. అది కొత్తిమీర కట్టలు కడుతూ, తల కూడా ఎత్తకుండా, "దీక్షనాడు అడుగుతారుగా అక్కా, కురుపులున్నాయా అని. మీవాడు లేవన్నాడుగా" అంది.

అడుగుతారు, నిజమే. దీక్ష ఇచ్చేటప్పుడు అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. కుష్టు ఉందా? కురుపులున్నాయా? గజ్జి ఉందా? క్షయ ఉందా? మూర్ఛ ఉందా? ఒక్కోదానికీ "లేదు భంతే" అనాలి. మా ఇన్‌పన్ గట్టిగా, మైకు అక్కర్లేకుండా చెప్పాడు. హెచ్ఐవీ సంగతి వాళ్లు అడగలేదు, వీడు చెప్పలేదు. కానీ ఆరామాన్ని నడిపే పెద్ద భంతేకి ముందే తెలుసు, ఆయన ఫర్వాలేదన్నారు. అంతా సవ్యంగానే జరిగిందనుకున్నాం.

ఆ మాట అమ్మ చెవిన పడిన దగ్గర్నుంచీ అమ్మ అమ్మలా లేదు.

"అబద్ధమాడించానే సేంగ్‌దా," అంది నాతో. "సంఘం ముందు నా కొడుకుతో అబద్ధమాడించాను. అదే తిరగబెట్టింది."

"ఆ రోజు కురుపులు లేవు కదమ్మా. లేవు కాబట్టి లేవన్నాడు."

"లోపల ఉన్నాయేమో. మనకి కనబడలేదేమో."

లోపల ఏముందో నాకు మాత్రం తెలుసా? పెద్ద భంతే దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అమ్మని పేరు పెట్టి పిలిచి ఓపిగ్గా, "ఆ ప్రశ్న ఆ రోజుకే బువాచన్. ఆ తర్వాత జబ్బు పడని భిక్షువెవరు? నాకే కీళ్ల నొప్పులు" అన్నారు. అమ్మ దండం పెట్టింది. బయటికొచ్చి, "ఆయన మంచాయన కాబట్టి అలా అన్నారు" అంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, నాది కాదు, అమ్మది.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లాం. కోళ్లు మోసే మా ఆయన బండిలోనే. ముందు సీట్లో మా ఆయన, పక్కన ఇన్‌పన్. భిక్షువు పక్కన ఆడవాళ్లు కూచోకూడదు కాబట్టి వెనక కోళ్ల గంపల మధ్య నేనూ అమ్మా. దారంతా వాన. ఇన్‌పన్ తల కిటికీ అద్దానికి కొట్టుకుంటుంటే అమ్మ వెనక నుంచి, "సీలా, తల కింద గుడ్డ పెట్టు, గుడ్డ పెట్టు" అని అరుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ చుతిమా అని ఒకావిడ చూసింది. నా ఈడుదే. చిటపటలాడే మనిషి. నాకు నచ్చింది. ముందు ఆటలమ్మ కాదంది. ఊపిరితిత్తుల ఫోటో తీయించి, మచ్చలున్నాయంది.

"క్షయ కావచ్చు. ఇంకా చూడాలి."

అమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. క్షయ కూడా ఆ అయిదు ప్రశ్నల్లో ఉంది కదా! కురుపులూ క్షయా, రెండు అబద్ధాలయ్యాయి. డాక్టరమ్మకి ఇదంతా ఏం తెలుసు? ముసలావిడకి కళ్లు తిరిగాయేమోనని బీపీ చూడమంది. నేను నవ్వాలో ఏడవాలో తెలీక నిలబడ్డాను.

కఫంలో క్షయ కనబడలేదు. రక్తం మాత్రం వేరే కథ చెప్పింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"హెచ్ఐవీ మందులు వేసుకుంటున్నారా ఈయన?"

"వేసుకుంటున్నాడు. నేనే తెచ్చిస్తున్నాను."

"ఒంట్లో జబ్బుల్ని ఆపే కాపలా మొత్తం పడిపోయిందమ్మా. మందు అసలు వేసుకోని మనిషిలా ఉంది."

"అదెలా? ఒక్కసారి కూడా తప్పకుండా తెస్తున్నాను!"

"అయితే మందు పనిచెయ్యడం మానేసిందేమో. అదీ చూడాలి."

ఎన్ని చూడాలి? ఆటలమ్మ కాదు, క్షయ కావచ్చు కాకపోవచ్చు, మందు వేసుకుంటున్నాడు కానీ వేసుకోనట్టుంది. నేను బడికి సరిగా పోలేదు, కానీ లెక్కకి లెక్క కుదరకపోతే నాకు తెలుస్తుంది. ఇక్కడ ఏదీ కుదరడం లేదు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ చేతికి తొడుగులేసుకుని ఇన్‌పన్ పొక్కు ఒకటి గీకి గాజు పలక మీద పూసింది. అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఆవిడ ముట్టుకోవచ్చా?" అనడిగింది నన్ను.

"వైద్యానికి తప్పులేదటమ్మా."

"మరి తల్లి ముట్టుకుంటే?"



డాక్టరమ్మ తిరిగొచ్చేసరికి మొహంలో ఏదో వెలుగు. చేతిలో వేడివేడి కాఫీ కూడా ఉంది. నాకు ఒళ్లు మండింది, మా వాడు చస్తుంటే దీనికి కాఫీయా అని. ఆ కాఫీ నా చేతిలో పెట్టింది. కోపమంతా ఎటు పోయిందో తెలీదు.

"దొరికిందమ్మా. ఇది బూజు."

"ఏంటి?"

"బూజు. ఫంగస్. మన కొండల వైపే ఉంటుంది, మట్టిలో, వానల్లో ఎక్కువ. మీ తమ్ముడి రక్తంలో, చర్మంలో, ఊపిరితిత్తుల్లో అదే ఉంది."

"బూజంటే... పాత అన్నం మీద పట్టే బూజా?"

"దాని చుట్టమనుకోండి. ఊపిరితో లోపలికి పోతుంది. నాలోకీ మీలోకీ కూడా పోతూనే ఉంటుంది, మనల్ని ఏం చెయ్యదు. ఒంట్లో కాపలా లేని మనిషిలో మాత్రం తిష్ట వేస్తుంది. మట్టిలో ఉంటే బూజులా దారాలు దారాలుగా ఉంటుంది, ఒంటి వేడి తగిలిందంటే రూపు మార్చి గింజల్లా అవుతుంది."

"రూపు మారుస్తుందా! దెయ్యమా ఏంటి?"

"దెయ్యానికి మందు లేదు, దీనికుంది," అంది. తర్వాత ఏదో రాసుకుంటూ, "ఈయన ఎప్పుడైనా వెదురు ఎలుకల్ని పట్టారా? తిన్నారా?" అనడిగింది.

కాఫీ పక్కన పెట్టేశాను. "చేపల కొట్టు ముసలాడు మీకు ఫోన్ చేశాడా?"

"ఏ ముసలాడు?"

"ఎలుకల వల్ల వచ్చిందన్నాడు ఒకడు!"

"ఆ ఎలుకల్లో ఈ బూజు ఉంటుంది. అవి మనుషులకి అంటిస్తాయని మాత్రం ఎవరూ తేల్చలేదు. అవీ మనమూ ఒకే మట్టి నుంచి తెచ్చుకుంటామేమో. సరిగ్గా ఎవరికీ తెలీదు."

అంటే ముసలాడు చెప్పింది తప్పా ఒప్పా? డాక్టరుకే తెలీదంటే నేనెవర్ని? నాకిప్పటికీ తెలీదు. ముసలాడితో మాత్రం ఈ సంగతి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కి కూచుంటాడు.

అమ్మకి చెప్పాను. పెదాలు కదుపుతూ ఏవో లెక్కబెట్టుకుంది. "బూజు ఆ అయిదింటిలో లేదు," అంది చివరికి.

"లేదమ్మా."

"అయితే అబద్ధం కాదు."

"కాదమ్మా."

"కానీ కురుపులున్నాయిగా."

నేను లేచి బయటికి పోయాను.

మందు లెక్క తేలింది ఆ సాయంత్రమే. ఇన్‌పన్ బట్టలు తెమ్మని మా ఆయన్ని ఆరామానికి పంపాను. ఆయన బట్టలతోపాటు ఓ బిస్కట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మూత తీస్తే మాత్రలు. నేను తెచ్చిన సీసాలన్నీ, మొదటిది తప్ప సీలు కూడా తియ్యనివి, వరసగా పేర్చి ఉన్నాయి. మంచం దగ్గరికెళ్లాను. వార్డులో జనం ఉన్నారని కూడా చూడలేదు.

"ఒరేయ్! భంతే! ఏంటిది?"

ఇన్‌పన్ కళ్లు తెరిచాడు. పెదాల మీద కూడా పొక్కులు. మాట పిసరంత వస్తోంది.

"మాత్రలిచ్చే నర్సు చెప్పింది కదక్కా, రాత్రి భోజనంతోనే వెయ్యాలని. ఖాళీ కడుపుతో వద్దంది. రోజూ ఒకే టైము, మార్చొద్దంది."

"అయితే?"

"భిక్షువుకి మధ్యాహ్నం దాటాక తిండి లేదుగా."

నేను డబ్బా మూత పెట్టేశాను.

"మొదట్లో నీళ్లతో వేసుకున్నా. కడుపులో తిప్పేసేది. ఒక్క వానాకాలమే కదా అని ఆపా. తర్వాత అమ్మ మొహం చూసి ఉండిపోయా. బానే ఉన్నాననిపించింది."

"అడగొచ్చుగా! ఒక్క మాట డాక్టర్ని అడగొచ్చుగా!"

"అడిగితే కాషాయం తీసెయ్యమంటారని భయమేసింది. భిక్షువుకి దానంగా పెట్టిన మందు పారెయ్యకూడదు కదా, అందుకని దాచా."

డాక్టరమ్మకి చెబితే, ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "పొద్దున్న అన్నంతో వేసుకోమనేదాన్ని," అంది. "అంతే. టైము మార్చడానికి నిమిషం పట్టేది కాదు."

నర్సూ తప్పు చెప్పలేదు, ఆరామం నియమమూ తప్పు కాదు. రెండు మంచి మాటల మధ్య మనిషి నలిగిపోయాడు. ఎవర్ని తిట్టాలో తెలిస్తే కాస్త ఊరటగా ఉండేది. ఎవరూ దొరక్క మా ఆయన్ని తిట్టాను.

బూజు మందు నరంలోకి ఎక్కించారు. అబ్బో, అదేం మందో! ఎక్కించడం మొదలెట్టగానే ఇన్‌పన్ మంచం గడగడలాడేలా వణికేవాడు. పళ్లు టకటక కొట్టుకునేవి. మా ఆయన పక్కన కూచుని భుజాలు పట్టుకునేవాడు. అమ్మ మంచానికి దూరంగా నిలబడి తన చేతులే తను నలుపుకునేది. పొద్దున్నంతా ఆ మందు, దాంతో వాంతులు. పాలు పోసినా, గంజి పోసినా పైకొచ్చేది. మధ్యాహ్నం దాటి, పొద్దు వాలాక కడుపు కుదుటపడేది. అప్పుడు ఆకలి అనేవాడు. అప్పుడు తినకూడదు.

తేనె నీళ్లు ఇవ్వొచ్చన్నారు, చెరకు రసం ఇవ్వొచ్చన్నారు. ఇచ్చాం. వాటితో ఎన్నాళ్లని నిలుస్తాడు? డాక్టరమ్మ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోనాడు పేలింది.

"బూజు దిగుతోంది. మనిషి కూడా దిగిపోతున్నాడు. సాయంత్రం తినకపోతే నేనేం చెయ్యలేను. ఈ ఇంజెక్షన్లు అయ్యాక బిళ్లలుంటాయి, పొద్దునా సాయంత్రం, అవీ అన్నంతోనే వెయ్యాలి, నెలల తరబడి. మీరూ మీరూ తేల్చుకోండి."

పెద్ద భంతే వచ్చారు. మంచం పక్కన కూచుని ఇన్‌పన్ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"కాషాయం ఎక్కడికీ పోదు నాయనా. ఇప్పుడు వదిలెయ్, బాగయ్యాక కావాలంటే మళ్లీ కట్టుకో. నియమం బతికున్నవాడి కోసం."

ఇన్‌పన్ ఆయన వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు.

"వానల మధ్యలోనా?" అంది అమ్మ. "భంతే, వానలింకా అవలేదే. మధ్యలో వదిలితే ఊరు ఏమంటుంది? అబద్ధమాడాడు, అందుకే దిగిపోయాడు అనరూ? ఒప్పుకున్నట్టే కదా! ఇంకొంచెం, ఇంకొన్నాళ్లు..."

"అమ్మా, నీకు మతుందా?" అని అరిచాను. "నీ స్వర్గానికి వాడు నిచ్చెనా? నిచ్చెన విరిగిపోతోంది కనబడ్డం లేదా?"

వార్డంతా మావైపు తిరిగింది. అమ్మ నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"ఎందుకక్కా," అన్నాడు ఇన్‌పన్. "నాన్న పోయాక అమ్మ నవ్వింది నా గుండు చూసే. నేనుంటా, ఎలాగోలా ఉంటా."

"ఎలా ఉంటావురా? నోట్లో ముద్ద పోకుండా ఎలా ఉంటావు?" మీరూ భంతే అన్నీ మర్చిపోయాను. పెద్ద భంతే ముందే ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు, నా ఏడుపు కనబడనట్టు.

అమ్మ ఎంతకీ రాలేదు. బస్టాండుకి పోయి ఊరెళ్లిపోయిందేమో అనుకున్నాను. కోపం వచ్చింది, భయం వేసింది, మళ్లీ కోపం వచ్చింది. మా ఆయన్ని వెతకమని పంపితే, "ఆసుపత్రి వెనక జామచెట్టు కింద కూచుందే. పిలిస్తే పలకలేదు" అని వచ్చాడు. నేను వెళ్లలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్లను?

పొద్దు వాలింది. పెద్ద భంతే ఇంకా అక్కడే కూచున్నారు. వార్డులో అందరికీ భోజనాలొచ్చాయి. అన్నం వాసనకి ఇన్‌పన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడొచ్చింది అమ్మ. ఒక చేతిలో బజార్లో కొన్న తెల్ల చొక్కా, ఇంకో చేతిలో అరటాకులో చుట్టిన జిగురన్నం, కాల్చిన చేప.

నావైపు చూడలేదు. తిన్నగా పెద్ద భంతే ముందుకెళ్లి నేలకి నుదురు ఆనించి దండం పెట్టింది.

"నా కొడుకుని నాకిచ్చెయ్యండి భంతే."

"అది వాడు అడగాలి బువాచన్."

అమ్మ ఇన్‌పన్ వైపు తిరిగింది. మోకాళ్ల మీదే ఉంది, ఇంకా భిక్షువే కదా వాడు. "దండం పెడుతున్నా, అడగండి," అంది. "మీ అమ్మ అడగమంటోంది."

దీక్ష వదిలేస్తానని ఇన్‌పన్ అడిగాడు. పెద్దగా తతంగం ఏం లేదు, రెండు మాటలు. ఆ రెండు మాటలకే వాడికి ఆయాసం వచ్చింది. మా ఆయన కాషాయం తీసి మడిచి పెద్ద భంతే చేతిలో పెట్టాడు. చొక్కా వేశాం. ఇద్దరు ఇన్‌పన్‌లు పట్టేంత వదులు. మెడ దగ్గర పొక్కులకి బట్ట రాసుకుంటుంటే అమ్మ కాలరు సరిచేసింది. చేసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే ఉంచేసింది. మెడ మీద, దవడ మీద, ఆ పొక్కుల మీద.

"ఎంత వేడిగా ఉన్నావురా," అంది. "ఇంత వేడిగా ఉన్నావని ఎవరూ నాకు చెప్పలేదే!"

మా ఆయన తల దించుకున్నాడు.

అమ్మ ఆకు విప్పింది. జిగురన్నం చిన్న ముద్ద చేసి, చేప తునక అద్ది వాడి నోటి దగ్గర పెట్టింది. ఇన్‌పన్ ముద్ద వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. బయట మసకపడింది.

"పొద్దుపోయిందమ్మా," అన్నాడు.

"పోతే పోనీ. తిను."

"నువ్వు..."

"నా సంగతి నీకెందుకు? పాపమైతే నాకు చుట్టుకోనీ. నేనెటు పోవాలో అటు నా కాళ్ల మీద నేనే పోతాను. నువ్వు తిను నాయనా."

తిన్నాడు. నమిలాడు, మింగాడు. మింగిన వెంటనే కక్కేశాడు, అమ్మ చేతుల్లోనే. అమ్మ పమిటతో చెయ్యి తుడుచుకుంది. ఇంకో ముద్ద చేసింది, ఇంకా చిన్నది. అదీ వచ్చేసింది. నేను డాక్టరమ్మని పిలుస్తానని లేచాను. "కూచోవే," అంది అమ్మ, ఆ సాయంత్రం నాతో అన్న మొదటి మాట. గోరంత ముద్ద చేసి వాడి నాలిక మీద పెట్టి, రెండు చేతులతో వాడి మొహం పట్టుకుని కూచుంది.

అందరం వాడి గొంతువైపే చూస్తున్నాం. ముద్ద కిందికి జారింది. చాలాసేపు ఎవరం కదల్లేదు. అది నిలిచింది.